పీణ్యలో ఒక షెడ్డు, పికప్‌కి క్రౌన్ పినియన్ మార్పు, లక్షన్నర బిల్లు – నా రివ్యూ

క్రౌన్ పినియన్ అంటే ఇంజన్ తిప్పుడుని చక్రాలకి మళ్ళించే పళ్ళచక్రాల జత, పెద్దది క్రౌన్, చిన్నది పినియన్, యాక్సిల్ మధ్యలో డిఫరెన్షియల్ అనే డబ్బాలో ఉంటుంది, ఫోర్ బై ఫోర్ అయితే ముందొకటి, వెనకొకటి. ముందే చెప్పేస్తా. మేస్త్రి పని బ్రహ్మాండంగా చేసినాడు, చెప్పిన టైముకి మాత్రం ఇయ్యలేదు, బిల్లు ముందు చెప్పినదానికన్నా పదిహేను వేలు ఎక్కువైంది, అయినా ఇంకోసారి చేయించాల్సి వస్తే మళ్ళీ అక్కడికే పోతా. షెడ్డు పేరు రాయట్లేదు, మేస్త్రే వద్దన్నాడు. "ఉన్న బండ్లే బయట రోడ్డు మీద పెట్టుకోని ఉండా సార్, మీరు రాస్తే ఇంకో పది వస్తాయి, నేను యాడ పెట్టేది" అని. బెంగళూరు పీణ్య ఇండస్ట్రియల్ ఏరియాలో లేత్ షాపుల మధ్య ఒక సందు, అంతవరకే చెప్తా.

బండి డీజిల్ పికప్, ఫోర్ బై ఫోర్, ఐదు గేర్ల మాన్యువల్. సెకండ్ హ్యాండ్‌లో కొన్నా. నేనుండేది మారతహళ్ళిలో, ఊరు మదనపల్లి దగ్గర. నెలకి రెండుసార్లు హొసకోట, చింతామణి మీదుగా ఊరికి పోతా, టమాటా కోతలప్పుడు బామ్మర్ది ఈ బండి తీసుకోని తోట నుంచి మార్కెట్‌కి బాక్సులు తోలుతాడు. తోటకి పోవాలంటే ఒక వంక దాటాలి, ఇసుక, వాన పడితే బురద. అందుకే ఫోర్ బై ఫోర్, స్టైల్ కోసం అనుకోవద్దు (కొంచెం స్టైల్ కూడా ఉంది, అబద్ధమెందుకు).

ముందు ఓనర్ సస్పెన్షన్ లేపించి పెద్ద టైర్లు వేసినాడు, 285/75 ఆర్16. చూడ్డానికి ఏనుగు లాగుంటుంది. నేను కూడా వాటిని చూసే పడిపోయినా. తెచ్చుకున్న వారానికే అర్థమైంది బండిలో జీవం లేదని. చింతామణి దాటినాక చిన్న ఎక్కుడొస్తే చాలు ఐదు నుంచి నాలుగు, ఇంకాస్త ఎత్తుంటే మూడు, వెనకాల ఆర్టీసీ బస్సు హారన్ కొడుతుంటే ముందు నేను యాక్సిలరేటర్ నేలకి తొక్కి కూర్చునేది. లోడుతో అయితే ఇంక చెప్పబళ్ళేదు, ఒకసారి ముప్పై బాక్సులు వేసుకోని వంకలో నుంచి పైకి ఎక్కించేటప్పుడు క్లచ్ కాలిన వాసన ఊరంతా కొట్టింది, బామ్మర్ది ఫోన్ చేసి "బావా, దీనికన్నా ట్రాక్టరే మేలు కదా" అన్నాడు. ఆ మాట గట్టిగా తగిలింది.

మా ఇంటి దగ్గర ఒక గ్యారేజీలో చూపిస్తే ఇంజెక్టర్లు పోయినాయన్నారు, 18 వేలు, ఏం తేడా రాలేదు. తర్వాత టర్బో చూడాలన్నారు. నేను ఆగిపోయినా. ఎవ్వరూ టైర్ల వైపు చూడలేదు, నాతో సహా. నాకు డౌట్ వచ్చింది స్పీడోమీటర్ వల్ల, హైవేలో మీటర్ 80 చూపిస్తుంటే ఫోన్‌లో జీపీఎస్ 89 చూపిస్తోంది. అంత తేడా ఏంటని డ్రైవర్ డోర్ దగ్గర స్టిక్కర్ చూస్తే కంపెనీ టైరు సైజు 245/70 ఆర్16 అని ఉంది. కూర్చోని లెక్కేసినా. కంపెనీ టైరు ఎత్తు సుమారు 749 మిల్లీమీటర్లు, ఇప్పుడున్నది 834. అంటే 11 శాతం పెద్దది. టైరు ఒక చుట్టు తిరిగితే బండి 11 శాతం ఎక్కువ దూరం పోతుంది, మరి ఆ బరువు ఎవరు లాగాలి, అదే పాత గేర్లతో అదే పాత ఇంజనే లాగాలి. సైకిల్‌కి వెనకాల చిన్న పళ్ళచక్రం వేసుకోని గ్యాస్ సిలిండర్ కట్టి గుట్టెక్కమన్నట్టు.

ఇంకో విషయం కూడా అప్పుడే తెలిసింది. ఓడోమీటర్ కూడా తక్కువే చూపిస్తోంది కదా, అంటే ఇన్ని రోజులు లీటరుకి తొమ్మిదిన్నర ఇస్తోందని తిట్టుకున్న బండి నిజానికి పదిన్నర ఇస్తోంది. పాపం.

ఆఫీసులో ఒకాయన చెప్తే ఈ పీణ్య మేస్త్రి దగ్గరికి పోయినా. హిందూపురం వైపు మనిషి, అరవై దగ్గర పడుంటాయి, తెలుగు, కన్నడ, ఉర్దూ మూడూ ఒకే వాక్యంలో కలిపి మాట్లాడతాడు. నేను నోటికొచ్చిన లక్షణాలన్నీ చెప్తుంటే ఆయన వినలేదు, బండి చుట్టూ ఒక రౌండ్ తిరిగి టైరుని బూటుతో తన్ని "ఎన్ని పళ్ళుండాయి లోపల?" అన్నాడు. నాకేం తెలుసు. వెంటనే వెనక చక్రం ఒకటి జాకీ మీద లేపించి, గేరు న్యూట్రల్‌లో పెట్టించి, ప్రొపెల్లర్ షాఫ్ట్ (గేర్‌బాక్స్ నుంచి యాక్సిల్‌కి పోయే పొడుగు రాడ్డు) మీద చాక్‌పీసుతో గీత గీసి, చక్రాన్ని చేత్తో రెండు చుట్లు తిప్పినాడు. షాఫ్ట్ నాలుగు చుట్లు తిరిగి కొంచెం ముందుకు పోయి ఆగింది. "నాలుగు పాయింట్ ఒకటి" అన్నాడు. రెండో చక్రం నేల మీదుంది కాబట్టి లేపిన చక్రం రెండు చుట్లు తిరిగితేనే లోపల క్రౌన్ ఒక చుట్టు తిరుగుతుంది, అందుకే రెండు. తర్వాత విప్పినాక చూస్తే క్రౌన్ మీద 41, 10 అని పంచ్ కూడా ఉంది. క్రౌన్‌కి 41 పళ్ళు, పినియన్‌కి 10.

ఏ రేషియో (క్రౌన్ పళ్ళని పినియన్ పళ్ళతో భాగిస్తే వచ్చే నంబరు) వెయ్యాలనేది ఆయనే ఆయిల్ డబ్బా మూత మీద పెన్సిల్‌తో లెక్కేసినాడు. 834ని 749తో భాగిస్తే 1.113, దాన్ని 4.1తో గుణిస్తే 4.56. క్రౌన్ 41 పళ్ళే ఉంచి పినియన్‌ని 9 పళ్ళది వేస్తే సరిగ్గా అదే వస్తుంది, బండి కంపెనీ నుంచి వచ్చినప్పుడు ఎట్లుండేదో అట్లయిపోతుంది. నంబర్ పెద్దదైతే లాగుడు ఎక్కువ, స్పీడు తక్కువ, చాలామంది ఇక్కడే తికమక పడతారు. నేను అత్యాశకి పోయి 4.88 వేద్దామా అన్నా, లోడు లాగాలి కదా అని. ఆయన ఒప్పుకోలేదు. నేషనల్ హైవేలో వంద మీద పోతే ఇంజన్ నిమిషానికి 2,500 చుట్ల దగ్గర అరుస్తూ ఉంటుంది, పైగా పినియన్ 8 పళ్ళకి వస్తే ఇంకా సన్నం, విరిగేది ఎప్పుడైనా పినియనే అన్నాడు. "నీకు గుట్టలెక్కే బండి కావల్నా, పెండ్లాం పిల్లలతో తిరుపతి పోయే బండి కావల్నా?" అన్నాడు, సార్ నుంచి నీకు దిగిపోయినాడు అప్పటికే. రెండూ అన్నా. "అయితే 4.56, మూసుకో" అన్నాడు. నాకు ఆ క్షణమే నమ్మకం కుదిరింది.

ఇక్కడ ఒక ముఖ్యమైన సంగతి, డబ్బులు మిగిలించుకుందామని వెనక డిఫరెన్షియల్ ఒక్కటే మార్పించేవాళ్ళున్నారు. చెయ్యొద్దు. మన పికప్‌లలో ఫోర్ వీల్ వేసినప్పుడు ట్రాన్స్‌ఫర్ కేస్ ముందు షాఫ్ట్‌నీ వెనక షాఫ్ట్‌నీ కలిపి లాక్ చేసి ఒకే స్పీడులో తిప్పుతుంది. ముందు 4.1, వెనక 4.56 ఉంటే ముందు చక్రాలు ఒక స్పీడు అడుగుతాయి వెనకవి ఇంకో స్పీడు అడుగుతాయి, మధ్యలో ట్రాన్స్‌ఫర్ కేస్ నలిగి చస్తుంది. ఇసుకలో అయితే చక్రాలు జారి సర్దుకుంటాయేమో, తారు రోడ్డు మీదైతే ఏదో ఒకటి ఫట్టంటుంది. రెండూ మార్చాలి, లేదంటే ఆ పనికే దిగొద్దు. అందుకే ఖర్చు డబల్.

గేర్ సెట్లు రెండూ బయట దేశం నుంచి తెప్పించాల్సి వచ్చింది, మూడు వారాలు పట్టింది. బేరింగులు, సీళ్ళు మాత్రం జేసీ రోడ్డులో నన్నే తెమ్మన్నాడు, చీటీ రాసిచ్చి, డబ్బా చూసి మోసపోవద్దు, బేరింగ్ మీద చెక్కిన నంబరు చూడు, నూనె కాగితం విప్పి చూడకుండా డబ్బులియ్యొద్దు అని పదిసార్లు చెప్పి పంపినాడు. జేసీ రోడ్డులో బండి పార్కింగ్ దొరకబుచ్చుకోడానికి పట్టిన టైములో ఇంకో డిఫరెన్షియల్ చేయొచ్చు. అంగట్లో పిల్లోడు నా కన్నడ విని "చెప్పన్నా, ఏం కావాల" అని తెలుగులో దిగినాడు, వాళ్ళది చిత్తూరంట.

బండి వదిలినా, నాలుగు రోజులన్నాడు, పదకొండు రోజులైంది. కోపం వచ్చిన మాట వాస్తవం. మూడో రోజు ఫోన్ చేస్తే ఎత్తలేదు, నాలుగో రోజు ఎత్తి "అయితాది" అన్నాడు, ఐదో రోజు కూడా అదే మాట. ముందు యాక్సిల్‌కి తెచ్చిన సీల్ ఒకటి సైజు సరిపోలేదంట, ఆ మాట ఫోన్ చేసి చెప్పుంటే నేను ఆ రోజే మార్చి తెచ్చేవాణ్ణి. చెప్పడు. పని మొదలుపెడితే ఫోన్ డ్రాయర్‌లో పడేస్తాడంట, అసిస్టెంట్ కుర్రోడు గొప్పగా చెప్పినాడు. నాకైతే అది గొప్ప కాదు, ఆ వారమంతా ఆఫీసుకి ఆటోలకే రెండు వేలు పోయినాయి.

ఆరో రోజు నేనే పోయి నిలబడినా. అప్పుడు చూసింది మాత్రం మర్చిపోలేను. వెనక హౌసింగ్ టేబుల్ మీదుంది, క్రౌన్ పళ్ళకి పసుపు రంగు పేస్ట్ పూసి, పినియన్‌ని చేత్తో రెండు వైపులా తిప్పి, నన్ను పిలిచి టార్చ్ వేసి చూపించినాడు. పేస్ట్ మీద పళ్ళు ఒరుసుకున్న చోట మచ్చ పడుతుంది. ఆ మచ్చ పంటికి నడిమధ్యలో, చింతగింజ ఆకారంలో ఉండాలంట. మాది పంటి అడుక్కి జారింది, అంటే పినియన్ లోపలికి ఎక్కువ పోయింది. బయటికి తీసి, బేరింగ్ ప్రెస్‌లో ఊడబీకి, దాని కింద వేసిన షిమ్ మార్చి, మళ్ళీ నొక్కి, మళ్ళీ బిగించి, మళ్ళీ పేస్ట్. షిమ్ అంటే కాగితం మందం ఉండే ఉక్కు రింగు, 0.05 మిల్లీమీటర్ తేడా కూడా మచ్చలో కనిపిస్తుంది. నా ముందే మూడుసార్లు విప్పినాడు. డయల్ గేజ్ ముల్లు పెట్టి బ్యాక్‌లాష్ కూడా చూపించినాడు, అంటే రెండు పళ్ళ మధ్య ఆట, 0.15 నుంచి 0.20 మధ్య పెడతాడంట, క్రౌన్ చుట్టూ నాలుగు చోట్ల కొలిచినాడు. టైటుగా ఉంటే వేడెక్కి కాలిపోతుంది, లూజుగా ఉంటే టకటకమని కొట్టుకుంటుంది. గేర్ సెట్ కొనడానికి డబ్బుంటే చాలు, కానీ మనం కూలి ఇచ్చేది ఈ ఓపికకి. కొన్నిచోట్ల పాత షిమ్ములే మళ్ళీ వేసి బిగించి చేతులు దులుపుకుంటారు, కొత్త సెట్‌కి పాత షిమ్ సరిపోతే అది అదృష్టం.

బండి చేతికొచ్చినాక రూల్స్ చెప్పినాడు. మొదట పావుగంట మెల్లగా తోలి బండి ఆపి పూర్తిగా చల్లారనియ్యాలి, అట్ల రెండు మూడు సార్లు. 800 కిలోమీటర్ల దాకా లోడు వెయ్యకూడదు, తర్వాత రెండు డిఫరెన్షియల్స్‌లో ఆయిల్ మార్చాలి, ఎందుకంటే కొత్త పళ్ళు ఒకదానికొకటి సర్దుకునేటప్పుడు రాలిన పొడి అంతా అందులోనే ఉంటుంది. బామ్మర్దికి ఫోన్ చేసి చెప్తే "అంటే ఈ కోతకి బండి లేనట్టేనా బావా" అని నవ్వినాడు. లేనట్టే.

మూడో రోజుకే సమస్య. 70, 80 మధ్య పోతూ యాక్సిలరేటర్ వదిలేస్తే వెనకాల నుంచి సన్నగా ఊఊ అని మూలుగు, తొక్కితే లేదు, వదిలితేనే. లక్షన్నర పెట్టి ఇదేంటిరా దేవుడా అనుకుంటూ పీణ్య పోయినా, గొడవకి రెడీ అయ్యే పోయినా. ఆయన ఒక్క మాట కూడా వాదించలేదు. రాత్రి తొమ్మిదికి ట్రాఫిక్ తగ్గినాక తుమకూరు రోడ్డు ఎక్కించి, వెనక సీట్లో పడుకోని చెవి ఫ్లోర్‌కి ఆనించి, "తొక్కు… వదులు… మళ్ళీ తొక్కు… ఆ, వదులు" అంటా ఒక అరగంట. అరవై ఏళ్ళ మనిషి. లేచి "వదిలినప్పుడు కూస్తాండాది అంటే పంటికి రెండో పక్క సరిగ్గా కూర్చోలే, తప్పు నాదే" అన్నాడు. తోలే పక్క మచ్చ బాగా కుదిరితే, వదిలే పక్క కొంచెం అంచుకి పోయిందంట. మళ్ళీ విప్పి, షిమ్ మార్చి, పినియన్ నట్ కింద నలిగే స్లీవ్ ఒకసారి నలిగితే మళ్ళీ పనికిరాదు కాబట్టి కొత్తది తన ఖర్చుతో వేసి, రెండు రోజుల్లో ఇచ్చినాడు. పైసా తీసుకోలేదు. ఇప్పుడు మూలుగు లేదు, చెవి రిక్కించి వింటే 75 దగ్గర ఏదో సన్నగా వినపడుతుంది, అది బురద టైర్ల శబ్దమే అని ఆయనంటాడు, నాకూ అట్లే అనిపిస్తుంది.

తేడా ఎట్లుందంటే, టాప్ గేర్‌లో నిజంగా 80 మీద పోతుంటే ఇంతకుముందు ఇంజన్ 1,670 దగ్గర తిరిగేది, ఇప్పుడు 1,850. వినడానికి చిన్న నంబరే, కానీ ఆ 180 తేడాలోనే మా బండి టర్బో లేస్తుంది. చింతామణి తర్వాత ఎక్కుళ్ళన్నీ ఇప్పుడు ఐదులోనే, మరీ నిలువుగా ఉంటే నాలుగు. ట్రాఫిక్‌లో ఇంకా బాగుంది, సిల్క్ బోర్డ్ దగ్గర సెకండ్‌లో క్లచ్ తొక్కకుండానే పాకుతోంది, ఇదివరకు ఫస్ట్‌లో కూడా ఎగిరి దూకేది. వంకలో లో రేంజ్ (ఫోర్ వీల్‌లో మెల్లగా, గట్టిగా లాగే గేరు) వేసి ఫస్ట్‌లో వదిలేస్తే చాలు, మా బండికి మొత్తం లెక్క (చక్రం ఒక చుట్టుకి ఇంజన్ తిరిగే చుట్లు) 43 నుంచి 48కి దగ్గరైంది, కానీ పెద్ద టైరు అందులో 11 శాతం తినేస్తుంది కాబట్టి నిజానికి కంపెనీ బండి ఎట్ల పాకేదో అట్లే. స్పీడోమీటర్ కూడా దానంతట అదే సరైపోయింది, మా బండిలో స్పీడ్ సెన్సార్ గేర్‌బాక్స్ వెనకాల ఉంది కాబట్టి. కొత్త బండ్లలో చాలావాటికి చక్రాల దగ్గర ఏబీఎస్ సెన్సార్ నుంచి తీసుకుంటారు, వాటికి గేర్లు మార్చినా మీటర్ మారదు, వేరేగా సరిచేయించుకోవాలి. మైలేజీ పెరుగుతుందని ఎవరైనా ఊరిస్తే నమ్మొద్దు, నిజమైన లెక్కలో పదిన్నర ఉండేది ఇప్పుడు పదకొండుకి కొంచెం తక్కువ, అంతే.

బిల్లు: గేర్ సెట్లు రెండూ కలిపి 96 వేలు, బేరింగులు సీళ్ళు 24 వేలు, కూలి 30 వేలు, ఆయిల్ వగైరా ఐదున్నర వేలు. మొత్తం 1,55,500. మొదట చెప్పింది లక్షా నలభై. ఎక్కువైనదానికి చీటీలైతే చూపించినాడు, కానీ పని అయినాక చూపించడం వేరు, ముందు అడగడం వేరు.

మరి మీరు చేయించుకోవాలా అంటే, ఇంకా పెద్ద టైర్లు వెయ్యకపోతే వెయ్యకండి, అంతే, ఈ తలనొప్పే ఉండదు. ఆల్రెడీ వేసుంటే ముందు లెక్కేసుకోండి, కంపెనీ సైజు టైర్లు మళ్ళీ వేసుకుంటే ఈ ఖర్చులో మూడో వంతుకే పని అయిపోతుంది. నాకు వంకలో ఆ ఎత్తు నిజంగా కావాలి, అందుకే ఇటు వచ్చినా. ఇంకోటి, టైర్లు సస్పెన్షన్ ఇష్టమొచ్చినట్టు మార్చడం మోటార్ వాహనాల చట్టం 1988 సెక్షన్ 52 కింద ఇబ్బందే, కంపెనీ స్పెసిఫికేషన్ దాటి మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. ఆర్సీ బుక్కులో యాక్సిల్ రేషియో ఉండదు, పోలీసులకి కనపడదు, కానీ టైర్లు అర కిలోమీటర్ నుంచే కనపడతాయి, రేపు యాక్సిడెంట్ అయితే ఇన్సూరెన్స్ వాళ్ళకి కూడా కనపడతాయి. ఇది తెలిసే తిరుగుతున్నా, మీరూ తెలిసే చెయ్యండి.

800 కిలోమీటర్లు అయినాక ఆయిల్ మార్చడానికి పోయినా. డ్రెయిన్ బోల్ట్‌కి ఉన్న అయస్కాంతం మీద బూడిద రంగు ముద్ద అంటుకోనుంది. మేస్త్రి దాన్ని రెండు వేళ్ళ మధ్య పెట్టి నలిపి, వెలుతురులో చూసి, "పిండి. ముక్కల్లేవు" అన్నాడు. ముక్కలుంటే పళ్ళు పోతున్నట్టంట. ఆ రోజు కూలి వద్దన్నాడు, ఊరికి పోయినప్పుడు టమాటాలు తెచ్చియ్యమన్నాడు. పోయిన ఆదివారం ఒక బాక్స్ తీసుకుపోతే, మార్కెట్లో రేటెంతుందో తెలిసి కూడా, ఇంకో బాక్స్ ఏదీ అని అడిగినాడు.